కొడితే పలికిన పడవ

జర దగ్గరికి జరుగుండ్రి. దీపంల నూనె ఉంది, పైన అమ్మవారు ఉంది, భయపడేది లేదు. భయమైతే పక్కనున్నోళ్ల చెయ్యి పట్టుకోండ్రి గాని, నడుమల లేచిపోకుండ్రి. నేను విన్నది విన్నట్టు జెప్త.

నాచారంల ఫ్యాక్టరీల నడుమ ఒక రేకుల షెడ్డుంది. నీళ్ల ట్యాంకులు, పడవలు, గిసొంటి ఫైబరు సామాను చేసే జాగ. దానికి బోర్డున్నది గాని ఆ పేరు ఎవ్వరికీ తెల్వదు. అందరు ‘కాలిన షెడ్డు’ అనే అంటరు. ఎన్నడో ఆ పనిల వాడే రసాయనం అంటుకొని ఒక కూలీ నిలువునా కాలిపోయిండంట. అప్పటి సంది అది చెడ్డ జాగ.

అయినా చానా యేండ్లు ఏ లొల్లి లేకుండె. పోయిన యేడు ఎండకాలం మొదలైంది సప్పుడు...

థప్... థప్... థప్...

లోపల్నుంచి ఎవరో తలుపు కొట్టినట్టు. కొన్ని దినాలు వినొచ్చింది, ఆనక ఆగింది. మళ్ల అమాసకో, వానరాత్రో ఒకపారి వినొస్తది. “కాలినోడు లేచిండు” అన్నరు జనం. కాపలాకు పెట్టినోడు జీతం గూడ అడగకుండ ఊరికి పోయిండు. రెండో షిఫ్టోళ్లు ఆ షెడ్డు రాంగనే మాటలు బంద్ జేసి, హనుమంతుని తలుసుకుంట బండి ఉరికిస్తరు. షట్టరుకైతే నిమ్మకాయలు, మిరపకాయలు, దిష్టి గుమ్మడికాయలు... పెండ్లి పందిరికి మామిడాకులు కట్టినట్టు కట్టిన్రు.

సరిగ్గ ఆ షట్టరు కాడికే, దసరా ముంగట ఒక పొద్దుగూకె యాళ్ల, రాణి, ఆమె పెనిమిటి ఉపేందర్ వచ్చిన్రు. పడవ కొననీకి.

హైదరాబాదుల పడవేందని నవ్వకుండ్రి. వాళ్లది నారపల్లి అవుతల ఊరు. పొలాలన్ని ప్లాట్లయినయి గాని చెరువు మిగిలింది. ఉపేందర్ పొద్దంత కంపెనీల డ్యూటీ జేసి, సెలవు దినాలల్ల చేపల సొసైటీతోని వల ఏస్తడు. పడవలు యాడివి? థర్మాకోల్ ముక్కలు సంచిల కుక్కి, తాడు జుట్టి, దాని మీద కూసొని చెరువు నడిమికి పోతరు. పోయిన వానకాలం రాణి తమ్ముడు కళ్యాణ్ గట్లనే పోయిండు. తెప్ప విచ్చుకపోయింది. వల కాళ్లకు సుట్టుకుంది. ఒడ్డు మీద అక్క నిలబడి సూస్తుండంగనే చెయ్యి ఒక్కసారి పైకి లేచింది... మళ్ల లేవలే. వల కోసి తీసిన్రు ఆ పిల్లగాన్ని.

ఆ దినం రాణి పెనిమిటి అంగి పట్టుకొని అన్నది: “నువ్వు మళ్ల థర్మాకోల్ ఎక్కినవంటె, ఆ చెరువుల నేను గూడ దుంకుత. అడుగు గట్టిగున్న పడవ తే. లేకుంటె వల కాలవెట్టు.”

సొసైటీ ఒప్పుకుంది. మూతవడ్డ రిసార్టుల నుంచి వచ్చిన రెండు పాత మోటరు పడవలు నాచారంల అమ్మకానికి ఉన్నయని తెలిసింది. అడుగు గట్టిగుండాలె... రాణికి కావల్సింది గదొక్కటే.

ఉప్పల్ రింగు రోడ్డు కాడ ట్రాఫిక్‌ల ఇరుక్కొని వచ్చేసరికి చీకటి పడ్డది. షెడ్డు ఎదురుంగ చిన్న చాయ్ బండి. బండి మీద నడీడు మనిషి, పేరు రాములమ్మ. చాయ్ తాగుకుంట రాణి మూతి ముడిసింది.

“ఏంది అక్కా, చాయ్‌ల అల్లం ఏసినవా, అల్లంల చాయ్ ఏసినవా?”

“దగ్గు రాదు, తాగు బిడ్డా,” అన్నది రాములమ్మ నవ్వి. ఆనక షట్టరు దిక్కు సూసి గొంతు తగ్గించింది. “ఆ షెడ్డులకా పోతున్రు? పొద్దుగూకినంక వద్దు. రేపు రాండ్రి.”

“రేపు డ్యూటీ ఉంది అక్కా,” అన్నడు ఉపేందర్.

“నా పెనిమిటి గండ్లనే పని జేసేటోడు. మొగిలయ్య అంటె ఈ లైన్ల ఎరుకలేనోడు లేడు. పగిలిన పడవ ఆయన చెయ్యి పడితె మళ్ల పుట్టినట్టయ్యేది. పోయిన యేడు ఉగాది దాటినంక ఎవతినో ఎంటేసుకొని బొంబాయి పోయిండని సేటు జెప్పిండు.” మెడల పుస్తెలతాడు సరిజేసుకుంది. “పోనీ. యాడున్నా బతికుంటె చాలు.”

రాణి చాయ్ గ్లాసు బండి మీద వెట్టింది.

“ఆ షట్టరుకు మొదాల నిమ్మకాయ కట్టింది నేనే,” అన్నది రాములమ్మ. “మైసమ్మ తల్లిని మొక్కుకుంట కడుతుంటె, లోపల్నుంచి ఇంకింత జోరుగ కొట్టింది ముదనష్టపుది! నిమ్మకాయకు బెదిరింది అనుకొని ఇంకో ముడి గట్టిగ బిగిచ్చి ఉరికొచ్చిన.”

రాణి కొంగుముడిల పసుపు, కుంకుమ పొట్లాలున్నయి. కొన్న పడవకు బొట్టు వెట్టాలె గద. ఆ ముడి ఒకపారి తడుముకొని, “నడువు” అన్నది పెనిమిటిని.

షట్టరు సగం లేచి ఉంది. వంగి లోపలికి పోయిన్రు.

ముక్కులు పగిలే రసాయనం వాసన. దాని మీద అగరుబత్తుల పొగ... ఒకటి గాదు రెండు గాదు, ప్రతి మూలకు ఒక కట్ట. సేటు భూపాల్ ఎదురొచ్చిండు. నుదుట ఇంత బొట్టు, చేతికి ఎర్రదారాలు. మస్తు దైవభక్తి ఉన్న మనిషి అనుకుంది రాణి.

నడుమల ఇనుప స్టాండ్ల మీద రెండు పడవలు. ఒకే అచ్చుల పోసినట్టు. అదే పొడుగు, అదే ముక్కు, అవే తెల్లటి పక్కలు. ఒకదానికి నీలం గీత, ఒకదానికి ఎర్ర గీత. అంతే తేడా.

“ఏందయ్యా గిది, కవలపిల్లల పెండ్లిసూపులా?” అన్నది రాణి.

“ఒక్కదాన్నే చేసుకుంటనే,” అన్నడు ఉపేందర్.

“రెండోదాని దిక్కు సూసినవో, కాళ్లిరుగుతయి.”

భూపాల్ నవ్విండు. నవ్వు మూతి దాటి కండ్లకు పోలే. “నీలందాన్ని సూడు చెల్లె. మెరుస్తుంది సూడు. ఎర్రదాని అడుగు పోయింది, దాని జోలికి పోకుండ్రి.”

రాణి వాళ్ల అమ్మమ్మ ఒక మాట జెప్పేది... కుండను కండ్లతోని కొనొద్దు, చెవులతోని కొనాలె. బోనాలకు కుండ కొనేటప్పుడు వేలు మడిచి కొట్టి సూస్తరు సూడుండ్రి. మంచిగ కాలిన కుండ ఖంగుమంటది. పగులుంటె పలకదు. రాణి గదే జేసింది. నీలం గీత పడవ కింద వంగి, వేలు మడిచి కొట్టింది.

దబ్... దబ్...

కుళ్లిన గుమ్మడికాయ మీద కొట్టినట్టు. ఇంకో జాగల కొట్టింది. అక్కడ గూడ దబ్. బొటనవేలుతోని ఒత్తితే మెరిసే రంగు కింద మెత్తగ దిగింది.

“లోపల కట్టె కుళ్లింది,” అన్నది. “పైన పూత పూసిన్రు. నలుగురు ఎక్కితె నడిచెరువుల పగుల్తది ఇది.”



రాణి ఎర్ర గీత పడవ కాడికి పోయింది.

“చెల్లె... దాన్ని వదిలెయ్.”

కొట్టింది. ఖంగ్! గుడి గంట లెక్క. జరంత జరిగి మళ్ల కొట్టింది. ఖంగ్! రాణి మొకం విప్పారింది. “ఇదేనయ్యా! గిది కాలిన కుండ. ఎవరో చెయ్యి తిరిగినోడు బాగు జేసిండు దీన్ని.”

“అది అమ్మేది గాదు,” అన్నడు భూపాల్.

“ఇందాక అడుగు పోయిందంటివి?”

“అమ్మేది గాదన్న గద!”

గొంతుల తేడాకు ఉపేందర్ తలెత్తి సూసిండు. రాణి మాత్రం కొట్టుకుంట కొట్టుకుంట పడవ వెనక భాగానికి వచ్చింది. అక్కడ నీళ్లు బయటికి పోయెటందుకు ఒక బెజ్జం ఉంటది. దాని పక్కన చెవి పెట్టి, మూడుపార్లు కొట్టింది.

ఖంగ్. ఖంగ్. ఖంగ్.

సప్పుడు ఆగింది. షెడ్డుల అగరుబత్తి బూడిద రాలినా వినొచ్చేటంత నిశ్శబ్దం...

థప్.

రాణి చెయ్యి గాలిల ఆగింది.

థప్... థప్.

లోపల్నుంచి. మెత్తగ, బరువుగ. ఆ బెజ్జంల నుంచి వెచ్చటి గాలి ఒకటి వచ్చి ఆమె చెవికి తగిలింది... ఎవరో ఊపిరి ఇడిసినట్టు.

“లోపల... మనిషున్నడు,” అన్నది.

“ఎలుకలు,” అన్నడు భూపాల్. మొకం మీద చెమట కారి బొట్టు ముక్కు మీదికి జారుతుంది.

థప్ థప్ థప్ థప్! పడవంత అదురుతుంది. ఇనుప స్టాండ్లు కిర్రుమంటున్నయి. ఉపేందర్ పెండ్లాం రెక్క పట్టి వెనక్కు గుంజిండు. అప్పుడు భూపాల్‌ల ఏదో తెగింది. మూలకున్న ఇనుప రాడ్ అందుకున్నడు. వాళ్ల మీదికి గాదు... పడవ మీదికి ఉరికిండు!

“సప్పుడు సెయ్యకు!” దబేల్‌మని కొట్టిండు. “సప్పుడు సెయ్యకురా! ఏడాదిన్నరాయె! ఇంక సావవా?” మళ్ల కొట్టిండు. ఫైబరు పెచ్చులు లేచి మొకానికి కొట్టుకున్నయి, చెంప చీరుకపోయింది, నెత్తురు కారుతుంది, అయినా ఆగుతలేడు. “అడుగు కుళ్లింది, అమ్మొద్దు, మనుషులు మునుగుతరంటివి! ఊరందరికి జెప్తనంటివి! ఇప్పుడు జెప్పు! జెప్పు మొగిలీ, ఇప్పుడు జెప్పు!”

మొగిలీ... చాయ్ బండి అక్క పెనిమిటి పేరు అది.

భూపాల్ గూడ ఆగిండు. తన నోట్లకెంచి వచ్చిన పేరు తనకే వినొచ్చింది. మెల్లగ మర్లి, ఆలుమగల దిక్కు సూసిండు. రాడ్ పట్టుకొనే షట్టరు కాడికి పోయి, ధడేల్‌మని కిందికి గుంజిండు. బయటి వెలుగు పోయింది. ఒక్క బల్బు మిగిలింది.

“మీరు ఎలుకలు అనుకొని పోతె మంచిగుండు,” అన్నడు, చానా నెమ్మదిగ.

మొదటి దెబ్బ ఉపేందర్ భుజం మీద పడ్డది. బొక్క ఇరిగిన సప్పుడు రాణికి సాఫ్‌గ వినొచ్చింది. ఉపేందర్ ఒక మోకాలు మీద కూలవడి, రెండో చేత్తోని రాడ్ పట్టుకున్నడు. భూపాల్ డొక్కల తన్నిండు. రాడ్ గుంజుకొని మళ్లెత్తిండు... ఈసారి తలకాయ మీదికి.

రాణి కొంగుముడి పండ్లతోని చింపింది. గుప్పెడు కుంకుమ తీసి వాని కండ్లల్ల కొట్టింది!

“నీ తల్లి...!” భూపాల్ కండ్లు మూసుకొనే రాడ్ తిప్పిండు. ఒక ఏటు బల్లకు తగిలింది. ఒకటి రాణి ముంజేతిని గీరుకుంట పోయింది, గాజులు పగిలి దిగినయి. మూడోది, వాడు ఒంట్ల ఉన్న బలమంత పెట్టి కొట్టిన ఏటు, ఎర్ర గీత పడవ కింది స్టాండ్ కాలుకు తగిలింది.

స్టాండ్ వంగింది.

పడవ ఒక పక్కకు ఒరిగింది... ఆగింది. నా తల్లీ, ఆగిందంట! వాడు కండ్లు తుడుసుకొని పైకి సూసేదాంక ఆగి, అప్పుడు వచ్చి పడ్డది వాని మీద.

నడుము నుంచి కిందికి నలిగిపోయిండు. అరుపు గొంతుల్నే చచ్చింది. నోట్లకెంచి నెత్తురు వచ్చి, నేల మీద కుంకుమల కలిసింది. రెండు అరచేతులతోని పడవను కొడుతున్నడు, లేపుండ్రి అన్నట్టు. పటా... పటా... పటా...

ఈసారి లోపల్నుంచి జవాబు రాలే.

ఉపేందర్ జేబుల ఫోను దెబ్బలకు పగిలి ఉంది. రాణి షట్టరు కాడికి ఉరికింది. రెండు చేతులతోని లేపింది, లేవలే. వాడు గుంజిన గుంజుడుకు వంకరై ఇరుక్కుంది. పిడికిళ్లతోని కొట్టింది. “ఎవలన్న ఉన్నరా! తెరువుండ్రి! నా మొగడు సచ్చిపోతడు, తెరువుండ్రి!”

పక్క ఫ్యాక్టరీల మిషన్ల రొద మొదలైంది. రేకుల ఆమె గొంతు ముక్కలైపోతుంది. బయటికి పోయేది సప్పుడొక్కటే...

బండి ఒకటి దగ్గరికొచ్చింది. రాణి ఇంకా జోరుగ కొట్టింది. షట్టరు అవుతలి పక్క, జానెడు దూరంల, ఒక మొగగొంతు గుసగుసగ అన్నది:

“కాలినోడు మళ్ల కొడుతుండురా... సూడకు. రామ రామ అను. నడువు, నడువు!”

బండి ఉరికిపోయింది.

ఇంకోటి వచ్చింది. అది గూడ పోయింది. ఆడోళ్ల గొంతులు వచ్చినయి, “అమ్మో” అన్నయి, చెప్పుల సప్పుడు పరుగైంది. దండాలు వెట్టుకుంట పోతున్నరు. మనిషి సస్తుంటె దండం వెట్టి పోతున్నరు! వెనక ఉపేందర్ మూలుగు సన్నగైతుంది. రాణి పిడికిళ్లు చీరుకపోయి రేకుకు నెత్తురు అంటుతుంది.

అప్పుడు గాజుల సప్పుడు. ఎవరో షట్టరు కాడికి వచ్చి ఆగిన్రు. వణుకుకుంట మొక్కుతున్నరు... “మైసమ్మ తల్లీ, లోపలికి పోయిన పిల్లలను కాపాడు తల్లీ...” దారం రేకుకు రాసుకుంటున్న సప్పుడు. నిమ్మకాయ కడుతున్నరు!

ఆ గొంతు రాణి గుర్తువట్టింది.

“రాములమ్మక్కా! నేనే! నీ చాయ్‌ల అల్లం ఎక్కువైందన్న నేనే! దెయ్యం అల్లం చాయ్ తాగుతదా అక్కా!”

దారం సప్పుడు ఆగింది.

ఒక్క చణం. ఆనక అవుతల్నుంచి రెండు చేతులు రేకు కింద దూరినయి. ఇవుతల రెండు, అవుతల రెండు. షట్టరు కిర్రుమంట మోకాలెత్తు లేచింది.

ఉపేందర్ బతికిండు, తల్లి దయ. భూపాల్ మాత్రం దవాఖానకు మోసుకపోయే లోపల్నే పోయిండు.

పోలీసోళ్లు వచ్చిన్రు. లైట్లు వెట్టి పడవను కోసిన్రు. రాములమ్మను దూరం ఉండమన్నరు, ఆమె ఉండలే. అడుగు పలక లేపితె, దాని కింది ఖాళీల, ఫైబరు బట్టల చుట్టి, మనిషి బొక్కలు. ముంజేతి బొక్కకు వెండి కడెం, రాములమ్మ ఎరిగిందే. చేతులు రెండు ఎనకకు కట్టి ఉన్నయి. నోట్ల గుడ్డ కుక్కి ఉంది.

అప్పుడు యాదికొచ్చింది చుట్టుపక్కలోళ్లకు... పోయిన యేడు ఆ దినాలల్ల భూపాల్ గ్రైండరు మిషన్ రాత్రిపగలు నడిపిండు. ఏం పని వచ్చిందో పాపం, సేటుకు నిద్ర గూడ లేదు అనుకున్నరు. మిషన్ ఆగినప్పుడల్లా ఆ సప్పుడు వినొచ్చేది. కాలినోడు కొడుతుండన్నది గూడ మొదాల భూపాలే.

మొగిలయ్యను పడవల పెట్టినప్పుడు, మొగిలయ్య బతికే ఉన్నడు. నీళ్లు పోయే బెజ్జంకెంచి గాలి వచ్చేది. చేతులు లేవు, నోరు లేదు... మరి దేనితోని కొట్టిండు? దవాఖానల పెద్ద డాక్టరు ఆ పుర్రె తిప్పి చూపించిండంట. రాడ్ దెబ్బ తలకాయ వెనక ఉంది. ముందర, నుదురు బొక్క, ఒకే జాగల, పగిలి పగిలి ఉంది.

చచ్చి ఏడాదిన్నరైన మనిషి ఆ రాత్రి రాణికి జవాబెట్లిచ్చిండని నన్ను అడుగకుండ్రి. ఎన్ని వందల మంది ఆ సప్పుడు విన్నరో. తిరిగి కొట్టి, ‘ఎవరు’ అన్నట్టు చెవి పెట్టింది ఆ పిల్లొక్కతే. ఆ దినం సంది ఆ షెడ్డుల ఏ సప్పుడు లేదు. నీలం గీత పడవల పంచనామా రాసేటందుకు ఒక పోలీసాయన ఎక్కిండు. కాలు మోకాలు దాంక అడుగులకెంచి కిందికి దిగింది. అది సూసి రాణి తమ్ముని పేరు వెట్టి ఏడ్చింది.

రాములమ్మ ఏడ్వలే. లేచి షట్టరు కాడికి పోయింది. ఎండినయి, కుళ్లినయి, నల్లబడ్డయి, ఏడాదిన్నర నిమ్మకాయలు. ఒక్కొక్కటి తెంపుకుంట పోయింది. అన్నిటికన్న లోపల, చిలుము పట్టిన కొక్కేనికి, గట్టిగ బిగిచ్చిన ముడి ఒకటి చేతికి తగిలింది. గోర్లతోని ఎంత గుంజినా ఆ ముడి ఊడలే.

రాణి పక్కన నిలబడ్డది, చెయ్యి పట్టుకుంది.

రాములమ్మ ముడిని సూసుకుంటనే, ఎవరికో గుట్టు జెప్పినట్టు అన్నది:

“ఇది కట్టుకుంట నేను గట్టిగ మొక్కిన గద బిడ్డా... నా గొంతు గుర్తువట్టిండు. అందుకె జోరుగ కొట్టిండు.”